అల్యూమినియం తయారీలో కర్బన విద్యుద్ధ్రువాలు – ప్రత్యామ్నాయ పదార్థాలు

విద్యుద్విశ్లేషణ అనగానే మన విద్యార్థులకు ఒక బీకరు, అందులో మైలుతుత్తపు ద్రావణం, దానిలో వ్రేలాడే రెండు కడ్డీలు, ఒక బ్యాటరీ గుర్తుకు వస్తాయి. ఆ కడ్డీలు విద్యుత్తు రాకపోకలకు ద్వారాలు మాత్రమేనని, మార్పు అంతా ద్రావణంలోనే జరుగుతుందని వారి భావన. ప్లాటినం కడ్డీల విషయంలో అది నిజమే. కాని అల్యూమినియం కర్మాగారంలో ధనధ్రువం స్వయంగా ముడిసరుకు. అది రోజురోజుకు కొవ్వొత్తివలె తరిగి, దాదాపు నాలుగు వారాలకు మోడై తొట్టి నుండి బయటికి వస్తుంది. ఆ స్థానంలో కొత్తదానిని దించవలె. లోహం పుట్టుతున్నంత కాలం ఈ పని ఆగదు.

ఈ ధ్రువాన్ని దేనితో చేస్తారు, అది చాలనినాడు దేనితో చేయవచ్చు అన్నది ఈ వ్యాస విషయం. పాఠ్యగ్రంథాలు “కర్బన ఆనోడు” అని రెండు మాటలతో సరిపుచ్చి ముందుకు సాగుతాయి. ఆ రెండు మాటల వెనుక ఉన్న సంగతులు అల్యూమినియం పరిశ్రమ భవితవ్యానికే సంబంధించినవి గనుక కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ ఒకరినొకరు ఎరుగకుండానే ఈ పద్ధతిని కనిపెట్టారు. ఇద్దరూ 1863లో పుట్టినవారే, ఇద్దరూ 1914లో మరణించినవారే. అల్యూమినా అనబడే అల్యూమినియం ఆక్సైడును ఒంటరిగా కరిగించాలంటే 2,000 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడి కావాలి. కరిగిన క్రయోలైటులో మాత్రం అది 950 – 960 డిగ్రీల దగ్గరనే కరుగుతుంది. ఆ ద్రవంలోనికి పైనుండి కర్బనపు దిమ్మెలను దించుతారు, అవి ఆనోడులు. తొట్టి అడుగున పరచిన కర్బనపు దిమ్మెలు కాథోడు. విద్యుత్తు ప్రవహించినప్పుడు అల్యూమినియం అడుగున ద్రవరూపంలో చేరుతుంది. ఆక్సిజన్ ఆనోడు వద్దకు పోయి అక్కడి కర్బనంతో కలిసి కార్బన్ డయాక్సైడుగా వెడలిపోతుంది. ఉర్దూ మాధ్యమంలో చదివే మన విద్యార్థులు విద్యుద్విశ్లేషణను “బర్ఖ్ పాషీదగీ” అంటారు. మెరుపుతో చెదరగొట్టడమని దాని అక్షరార్థం. లక్ష ఆంపియర్లకు పైబడిన విద్యుత్తుతో నడిచే ఆ తొట్టిని తలచుకొన్నప్పుడు మన సంస్కృత పదం కంటె ఈ పదమే ఎక్కువ చిత్రం కడుతుందని నాకు అనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. ఈ వ్యాసంలోని తక్కిన విషయమంతా ఈ లెక్కపైననే ఆధారపడి ఉన్నది. రెండు అణువుల అల్యూమినా, మూడు పరమాణువుల కర్బనం కలిసి నాలుగు పరమాణువుల అల్యూమినియాన్ని, మూడు అణువుల కార్బన్ డయాక్సైడును ఇస్తాయి. కర్బనపు పరమాణు భారం 12, అల్యూమినియానిది 27. అంటే 108 పాళ్ళ అల్యూమినియానికి 36 పాళ్ళ కర్బనం ఖర్చు. టన్ను లోహానికి 333 కిలోలన్నమాట. ఇది కాగితం మీది లెక్క. వాస్తవంలో ఆనోడు పైభాగం గాలి తగిలి కాలిపోతుంది. పుట్టిన కార్బన్ డయాక్సైడు కూడ ఎర్రగా కాలిన కర్బనాన్ని మళ్ళీ కొరికి కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. ఈ రెండు దుబారాలతో ఖర్చు 400 నుండి 420 కిలోల వరకు పోతుంది. 420 అనే అంకెను గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇంత కర్బనం తగలబెట్టడం ఎందుకు, కరగని లోహాన్ని ఆనోడుగా పెట్టరాదా అని తెలివైన విద్యార్థి అడుగవచ్చు. కర్బనం ఆక్సిజనును తనవైపు లాగుకొంటుంది. అల్యూమినాను విడదీసే శ్రమలో కొంత భాగం అదే మోస్తుంది. కర్బనం ఉంటే అల్యూమినా విడిపోవడానికి సిద్ధాంతరీత్యా 1.2 వోల్టులు చాలు, లేకుంటే 2.2 వోల్టులు కావాలి. ద్రవపు నిరోధం, ధ్రువాల నిరోధం మొదలైనవన్నీ కలిసి తొట్టి నిజంగా తీసుకునేది 4 వోల్టులకు పైనే. అయినా ఆ ఒక్క వోల్టు ఆదా చాలా పెద్దది. ఆ సంగతి ముందు మళ్ళీ వస్తుంది.

ఈ దిమ్మెలు దేనితో చేసినవి? నూటికి సుమారు 65 పాళ్ళు కాల్చిన పెట్రోలియం కోకు. 13 నుండి 16 పాళ్ళు తారు పిచ్. మిగిలినది తొట్టి నుండి తిరిగివచ్చిన పాత ఆనోడు మోళ్ళను పగులగొట్టిన పొడి. కోకును పలు పరిమాణాల రవ్వగా జల్లించి, వేడి పిచ్‌తో పిండివలె పిసికి, అచ్చులో ఒత్తి, ఆపైన 1,100 డిగ్రీల దాకా కొన్ని రోజులపాటు కాలుస్తారు. ఇటుక బట్టీకి దీనికి పోలిక కనబడుతుంది గాని, గాలి తగలకుండ కాల్చడం ఇక్కడి కిటుకు. తయారైన దిమ్మె బరువు సుమారు ఒక టన్ను, సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.55 – 1.6 గ్రాములు. నార్వేకు చెందిన సోడర్‌బర్గ్ పేర మరొక పద్ధతి ఉన్నది. అందులో పచ్చి ముద్దనే తొట్టిపైన పోస్తే తొట్టి వేడికి అక్కడే కాలి గట్టిపడుతుంది. ఖర్చు తక్కువే కాని పిచ్ పొగలు కార్మికుల ఊపిరితిత్తులకు చేటు. అందుచేత ఆ పద్ధతి క్రమంగా వెనుకబడింది.

పెట్రోలియం కోకు అంటే నూనెశుద్ధి కర్మాగారంలో పెట్రోలు, కిరోసిను, డీజెలు అన్నీ తీసుకున్న పిదప అడుగున మిగిలిన మడ్డిని మరింత కాచగా గడ్డకట్టిన పదార్థం. తారు పిచ్ అంటే ఉక్కు కర్మాగారాలకు కావలసిన కోకు కోసం నేలబొగ్గును కాల్చునప్పుడు వెలువడే తారును స్వేదనం చేయగా అడుగంటిన ముద్ద. రెండూ అడుగంటినవే, రెండూ ఒకరికి అక్కరలేక వదిలినవే. నూనెశుద్ధివాడు పెట్రోలు కోసం పని చేస్తాడు, ఉక్కువాడు ఇనుము కోసం పని చేస్తాడు. అల్యూమినియంవాడు ఆ ఇద్దరి ఎంగిలితో వంట చేసుకుంటాడు. చౌకగా దొరుకుతున్నంతకాలం ఈ ఏర్పాటు బాగానే సాగింది. అయితే వండేవాడు తన ఇష్టప్రకారం వండుతాడు గాని, మిగులు తినేవాని రుచిని కనుగొని వండడు.

టన్ను నేలబొగ్గును కోకు చేస్తే తారు 30 – 40 కిలోలు వస్తుంది, దానిలో పిచ్ సుమారు సగం. టన్ను అల్యూమినియానికి కావలసిన ఆనోడులలో పిచ్ సుమారు 70 కిలోలు ఉంటుంది. అంటే ఎక్కడో ఒక ఉక్కు కర్మాగారం నాలుగు టన్నుల బొగ్గును కోకుగా మారిస్తేనే ఇక్కడ ఒక టన్ను అల్యూమినియానికి బంధకద్రవ్యం సమకూరుతున్నది. విశాఖ ఉక్కు కర్మాగారపు కోకు బట్టీలలోనూ ఇట్టి తారు ఉపఉత్పత్తిగా వస్తున్నది. రేపు ఉక్కు పరిశ్రమ కోకు వదిలి హైడ్రోజనుతో ఇనుమును తీసే దారి పట్టితే ఈ పిచ్ ఎక్కడినుండి రావాలి? నూనె వాడకం తగ్గితే కోకు ఎక్కడినుండి రావాలి? ఈ ప్రశ్నలు నేడు ఊహలు కావు.

కోకు కొరతకన్న ముందే కోకు గుణం మారింది. తేలిక ముడిచమురులు తగ్గి బరువైన, గంధకం హెచ్చుగా గల ముడిచమురుల వాడకం పెరిగినకొద్దీ మడ్డిలోనికి గంధకం, వెనేడియం, నికెలు అధికంగా చేరుతున్నాయి. గంధకం వాయువై చిమ్నీ ద్వారా పైకి పోతుంది. నికెలు లోహంలోనికి దిగుతుంది. వెనేడియం చేసే చేటు విచిత్రమైనది. పదిలక్షల పాళ్ళలో కొన్ని వందల పాళ్ళు ఉన్నా చాలు, ఉత్ప్రేరకమై ఆనోడును గాలిలో వేగంగా కాల్చివేస్తుంది. మన అస్సాం ముడిచమురులో గంధకం తక్కువ. 1962లో ప్రారంభమైన గువాహటి శుద్ధి కర్మాగారపు కోకుకు ఆ కారణంగానే మంచి పేరు. కాని ఆ ఒక్క చోటి కోకు దేశమంతటికీ చాలదు. మన దేశపు అల్యూమినియం ఉత్పత్తి ఏడాదికి 40 లక్షల టన్నులు దాటింది. 420 చేత గుణించండి: సుమారు 17 లక్షల టన్నుల కర్బనం ప్రతి ఏటా తొట్టెలలో ఆహుతి అవుతున్నది.

అందుచేత పచ్చి కోకును ఓడల మీద తెప్పించుకొని ఇక్కడ కాల్చుకొంటున్నాము. విశాఖపట్టణంలో అట్టి కాల్చే కర్మాగారం ఉన్నది. ఒడిశాలోని దామంజోడిలో బాక్సైటు నుండి తీసిన అల్యూమినా అదే విశాఖ రేవు నుండి విదేశాలకు ఎగుమతి అవుతుంది. ఒకే రేవున అల్యూమినా ఎక్కుతుంది, కోకు దిగుతుంది. ఖనిజం మనది, కర్బనం పరాయిది అనడానికి ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు. ఢిల్లీ పరిసరాల గాలి కాలుష్యానికి సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు పెట్రోలియం కోకును ఇంధనంగా తగలబెట్టడంపై కఠినంగా వ్యవహరించింది. 2018 అక్టోబరులో, కాల్చే కర్మాగారాల పచ్చి కోకు దిగుమతిని ఏడాదికి 14 లక్షల టన్నులకు, అల్యూమినియం కర్మాగారాల కాల్చిన కోకు దిగుమతిని 5 లక్షల టన్నులకు పరిమితం చేసింది. తరువాతి ఏళ్ళలో ఈ హద్దులు మళ్ళీ పరిశీలనకు వచ్చాయి. ఇది చాలదన్నట్లు ఇటీవల లిథియం బ్యాటరీల పరిశ్రమ కృత్రిమ గ్రాఫైటు కోసం గంధకం తక్కువగల మేలైన కోకుకే పోటీకి వచ్చింది.

“మన గోదావరి లోయలో సింగరేణి బొగ్గు కావలసినంత ఉన్నది గదా, దానితో ఆనోడులు ఏల చేయరాదు?” అని తరగతిలో తప్పక ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. దానికి జవాబు వేడిమిలో లేదు, బూడిదలో ఉన్నది. బాయిలరులో బొగ్గు కాలినప్పుడు బూడిదను గోతిలో పారబోస్తారు. తొట్టిలో అట్లా పారబోయడానికి వీలులేదు. ఆనోడు కరిగినకొద్దీ దానిలోని బూడిద అంతా ద్రవంలో పడుతుంది. ఆ బూడిదలోని ఇనుము, సిలికాను అల్యూమినియం కన్న సులభంగా క్షయకరణం చెంది లోహంలోనికే దిగిపోతాయి.

కర్మాగారం నుండి వచ్చే అల్యూమినియం సాధారణంగా 99.7 శాతం శుద్ధమైనదై ఉండాలి. అంటే టన్నులో అన్ని మలినాలు కలిసి 3 కిలోలు మించరాదు. కాల్చిన పెట్రోలియం కోకులో బూడిద నూటికి అర పాలు కూడ ఉండదు. 0.3 శాతమనుకొంటే 420 కిలోలలో అది కిలోంబావు. సరిపోతుంది. ఇప్పుడు 35 శాతం బూడిద, 28 శాతం బాష్పశీల పదార్థం గల బొగ్గును తీసుకొందాము. మన బొగ్గులలో ఇది అసాధారణం కాదు. బాష్పాలు పోయిన తరువాత మిగిలిన చారులో బూడిద వాటా 48 శాతం దాటుతుంది. 420 కిలోల కర్బనం కావాలంటే 800 కిలోలకు పైగా చారు వాడాలి, దానితోపాటు దాదాపు 400 కిలోల బూడిద తొట్టిలో పడుతుంది. అందులో సగానికి మించి సిలికా. ఆ సిలికాలో అధికభాగం సిలికానుగా మారితే టన్ను అల్యూమినియంలో నూరు కిలోల సిలికాను చేరుతుంది. దానిని అల్యూమినియం అనడానికి వీలులేదు. పైగా సింగరేణి బొగ్గు కోకు కట్టే జాతి కాదు. కాల్చితే గట్టి ముద్దగాక పొడిగా మిగులుతుంది. బొగ్గును నీటిలో కడిగి బూడిద తగ్గించవచ్చు గాని, కడిగినంతమాత్రాన అర శాతానికి దిగదు. బూడిద బొగ్గు రేణువులలో అంతర్లీనంగా కలిసిపోయి ఉంటుంది.

కడగడం కన్న గట్టి ఉపాయం ఒకటి ఉన్నది. బొగ్గులోని కర్బన పదార్థాన్ని వేడి నూనెవంటి ద్రావణిలో కరిగించి, కరగని బూడిదను వడగట్టి, ద్రావణిని తిరిగి తీసుకొంటే దాదాపు బూడిద లేని నల్లని సారం మిగులుతుంది. జర్మనీలో పాట్–బ్రోష్ పద్ధతిగా 1930లలోనే ఇది పెద్దయెత్తున జరిగింది. 1974 ప్రాంతంలో, చమురు ధరలు మండిపోయిన రోజులలో, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు ఫోర్ట్ లూయిస్ వద్ద, అలబామాలోని విల్సన్‌విల్ వద్ద ఇట్టి నమూనా కర్మాగారాలు నడిచాయి. తరువాత జపాను వారు కూడ ఈ మార్గాన కృషి చేశారు. సారాన్ని కోకుగా మారిస్తే ఆనోడుకు పనికివచ్చే శుద్ధత లభిస్తుంది. అదే విధంగా తారు పిచ్‌నే కోకు చేసి వాడే ఆచారం జర్మనీలో, జపానులో ఉన్నది. దానిలో గంధకమూ తక్కువ, లోహాలూ తక్కువ. అయినా ఇవి ఎందుకు వ్యాపించలేదంటే, రెండు చోట్లా అడ్డువచ్చినది ధర. ఉచితానికి దగ్గరగా దొరికే ఎంగిలితో, ప్రత్యేకంగా వండిన భోజనం పోటీపడలేదు. చమురు చౌకబడినప్పుడల్లా ఈ కృషి మూలపడింది. నా ఉద్దేశంలో, నాణ్యత దృష్ట్యా నేటికీ పెట్రోలియం కోకుకు నిజమైన ప్రత్యామ్నాయం ఈ బొగ్గు సారమే. తక్కినవాటి సంగతి చెప్పిన తరువాత పాఠకులే తూచుకోవచ్చు.

గ్రాఫైటు మాట కూడ కొందరు ఎత్తుతారు. తూర్పు కనుమలలోని ఖొండలైటు శిల శిథిలమైతే పైన బాక్సైటు ఏర్పడుతుంది, ఆ శిలలోనే గ్రాఫైటు పొలుసులు కూడ ఉంటాయి. ప్రకృతి రెండింటినీ ఒకే కొండలో పెట్టినది. కాని ఆ గ్రాఫైటును శిల నుండి వేరుచేసి శుద్ధిచేయడానికి అయ్యే ఖర్చుతో నాలుగు వారాలలో కాలిపోయే వస్తువును తయారుచేయడం పట్టుబట్టతో పొయ్యి రాజేయడమే.

ఇక కర్రబొగ్గు. చెట్టు నాటితే మళ్ళీ పెరుగుతుంది, అది కాలినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడు మళ్ళీ చెట్టులోనికే పోతుంది, కనుక ఇదే ధర్మమార్గమని వాదన. వినడానికి చాలా బాగున్నది. సర్కారుతుమ్మ, కొబ్బరిచిప్ప, పత్తికట్టె, వరి ఊక అని మన ప్రాంతపు పదార్థాల పేర్లు వరుసగా నోటికి వస్తాయి. ఊకను మొదటే తీసివేయవచ్చు. పచ్చి ఊకలోనే అయిదవ వంతు బూడిద, ఆ బూడిదలో నూటికి తొంబై పాళ్ళు సిలికా. అల్యూమినియానికి ఇంతకన్న శత్రువు లేదు. కొబ్బరిచిప్ప బొగ్గులో బూడిద రెండు శాతం ప్రాంతంలో ఉంటుంది. రెండును 4.2 చేత గుణిస్తే టన్ను లోహానికి 8 కిలోలకు పైగా బూడిద. ఇది సిలికా అంత చేటు చేయదు గాని, అందులో పొటాషియం ఎక్కువ. పొటాషియం లోహంలో దిగకపోయినా తొట్టి అడుగున ఉన్న కాథోడులోనికి చొరబడి దానిని ఉబ్బించి పగులగొట్టే గుణం గలది.

బూడిదను ఆమ్లంతో కడిగి తీసివేశామనుకొందాము. అప్పటికీ అసలు చిక్కు తీరదు. అది బూడిదలో లేదు, కర్బనపు నిర్మాణంలో ఉన్నది. ఈ సంగతిని స్పష్టంగా చూపినవారు రోజలిండ్ ఫ్రాంక్లిన్. డి.ఎన్.ఏ. నిర్మాణ పరిశోధనతో ఆమె పేరు మన జీవశాస్త్ర విద్యార్థులకు తెలుసు. అంతకుముందు, యుద్ధకాలంలో, ఆమె పనిచేసినది నేలబొగ్గు మీద. డాక్టరేటు కూడ ఆ విషయంపైనే. 1951లో ప్రకటించిన వ్యాసంలో ఆమె కర్బనాలను రెండు జాతులుగా విభజించారు: ఎక్కువ వేడిచేస్తే గ్రాఫైటుగా మారేవి, ఎంత వేడిచేసినా మారనివి. మొదటి జాతి వేడిలో ఒక దశలో మెత్తబడి ద్రవంవలె అవుతుంది, అందులోని పొరలు ఒకదానిపై ఒకటి సర్దుకొంటాయి. పెట్రోలియం కోకు, పిచ్ కోకు ఈ జాతివి. కర్ర ఆ విధంగా ఎప్పుడూ మెత్తబడదు. చెట్టుగా ఉన్నప్పటి కణాల గోడలు, సందులు బొగ్గులో యథాతథంగా నిలిచిపోతాయి. కొబ్బరిచిప్ప బొగ్గును వాయుశోషణకు, నీటిశుద్ధికి వాడేది ఆ సందుల మూలాననే. అక్కడ గుణమైనది ఇక్కడ దోషం. సందులలోనికి కార్బన్ డయాక్సైడు చొరబడి ఆనోడును లోపలినుండి తినివేస్తుంది, కాల్షియం, సోడియం, పొటాషియం దానికి ఉత్ప్రేరకాలై తోడ్పడుతాయి. ఆనోడు పొడిరాలి ద్రవంపై మసి తేలుతుంది. పైగా ఆ సందులు పిచ్‌ను పీల్చుకొంటాయి గనుక పిచ్ ఎక్కువ కావాలి. అప్పటికీ దిమ్మె సాంద్రత తగ్గుతుంది, విద్యుత్ నిరోధం పెరుగుతుంది.

నార్వేలో, కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో ఈ విషయంపై ఓపికగా ప్రయోగాలు జరిగాయి. కర్రను ఎక్కువ వేడిమి వద్ద కాల్చడం, ఆమ్లంతో కడగడం, బొగ్గు రవ్వ పరిమాణాన్ని మార్చడం వంటి ఉపాయాలన్నీ చూశారు. తేలినదేమంటే, కోకు స్థానంలో నూటికి కొద్ది పాళ్ళ మేరకు మాత్రమే కర్రబొగ్గు కలపవచ్చు. అంతకు మించితే ఆనోడు గుణాలు పడిపోతాయి. కర్ర నుండి వచ్చే తారుతో పిచ్‌ను తయారుచేసే ప్రయత్నం ఇంతకన్న ఆశాజనకంగా కనబడుతుంది. క్యాన్సరును కలిగించే బెంజోపైరీను వంటి పదార్థాలు అందులో తక్కువ. కాని కాల్చినప్పుడు దానిలో కర్బనంగా మిగిలే భాగం కూడ తక్కువే.

ఈ కృషి నార్వేలో, క్యుబెక్‌లో ఎందుకు జరుగుతున్నది, మన అంగుల్‌లోనో కోర్బాలోనో ఎందుకు జరుగలేదు అన్నది ఆలోచించదగినది. ఆ దేశాలలో తొట్టెలు జలవిద్యుత్తుతో నడుస్తాయి. అక్కడ కర్మాగారం గాలిలోనికి వదిలే కార్బన్ డయాక్సైడులో ముఖ్యభాగం ఆనోడుదే: టన్ను లోహానికి సుమారు టన్నున్నర. మన దేశంలో టన్ను అల్యూమినియానికి సుమారు 14,000 యూనిట్ల విద్యుత్తు కావాలి, అందులో అధికభాగం బొగ్గు కాల్చి పుట్టించినది. యూనిట్‌కు రమారమి ఒక కిలో కార్బన్ డయాక్సైడు చొప్పున అది 14 టన్నులు. మనం ఆనోడునంతా కర్రబొగ్గుతో చేయగలిగినా తగ్గేది టన్నున్నర మాత్రమే, 14 టన్నులు అట్లాగే ఉంటాయి. కనుక ఇక్కడ కర్రబొగ్గు ఆనోడును వాతావరణ రక్షణ పేరున సమర్థించడం ఇంటికప్పు కారుతూ ఉండగా గడప కడిగినట్లుంటుంది. మన దేశంలో ప్రత్యామ్నాయ కర్బనం కావలసినది సరఫరా భద్రత కోసం. ఈ రెండు కారణాలనూ కలగలిపి మాట్లాడడం వల్ల చర్చ తరచు దారి తప్పుతున్నది.

కర్బనమే లేని ఆనోడు విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఆక్సైడులతో, మిశ్రలోహాలతో చేసిన, కరగని ఆనోడుపై అమెరికా, కెనడా, రష్యా కంపెనీలు చాలాకాలంగా కృషి చేస్తున్నాయి. 2018లో కెనడాలో ఎలిసిస్ అనే సంస్థ ఇందుకోసమే ఏర్పడింది. అట్టి ఆనోడు వద్ద వెలువడేది శుద్ధమైన ఆక్సిజన్. కాని ముందు చెప్పిన ఆ ఒక్క వోల్టును ఇప్పుడు విద్యుత్తే భరించాలి. ఒక వోల్టు అంటే టన్ను లోహానికి సుమారు 3,000 యూనిట్లు. జలవిద్యుత్తు ఉన్నచోట ఇది డబ్బు లెక్క. బొగ్గు విద్యుత్తు ఉన్నచోట ఆనోడు వద్ద టన్నున్నర తగ్గించి, చిమ్నీ వద్ద మూడు టన్నులు పెంచడం. ధ్రువాల మధ్య దూరాన్ని తగ్గించి ఈ నష్టాన్ని పూడ్చవచ్చునని దాని పక్షాన వాదించేవారు అంటారు. ఆ పూడిక పూర్తిగా జరిగితేనే మనకు లాభం.

కాథోడు కథ వేరు. అది ఖర్చయ్యేది కాదు. అయిదారు ఏళ్ళు, అంతకు మించి కూడ తొట్టి అడుగున పడి ఉంటుంది. కనుక ఖరీదైన పదార్థాన్ని వాడినా గిట్టుతుంది. పూర్వం విద్యుత్తుతో కాల్చిన ఆంథ్రసైటు బొగ్గుతో దీనిని చేసేవారు. సోడియం లోనికి చొరబడి ఆంథ్రసైటును ఉబ్బిస్తుందని తెలిసిన తరువాత గ్రాఫైటు పాలు పెంచుతూ పోయి, చివరకు దిమ్మెనంతా గ్రాఫైటుగా మార్చి వాడుతున్నారు. దానికి విద్యుద్వాహకత ఎక్కువ, ఉబ్బడం తక్కువ. కాని మెత్తన గనుక అరుగుదల ఎక్కువ. కరిగిన అల్యూమినియం కర్బనపు ఉపరితలాన్ని తడపదు. టైటానియం డైబోరైడు పూతను మాత్రం తడుపుతుంది. అందుచేత ఆ పూతపై కృషి సాగుతున్నది. ఆయువు తీరిన కాథోడులో ఫ్లోరైడులు, సయనైడులు చేరి ఉంటాయి. దానిని ఎక్కడపడితే అక్కడ పారవేయడం ప్రమాదకరం.

ఈ విషయంలో మన డిగ్రీ విద్యార్థులు చేయదగిన ప్రయోగం ఒకటి ఉన్నది. సర్కారుతుమ్మ బొగ్గు, కొబ్బరిచిప్ప బొగ్గు, పత్తికట్టె బొగ్గు, సింగరేణి బొగ్గు, దొరికితే కొంత పెట్రోలియం కోకు సేకరించాలి. ఒక్కొక్కదానిని మెత్తగా నూరి, ఆరబెట్టి, ఒక గ్రాము తూచి, మూతపెట్టిన మూసలో 900 డిగ్రీల వద్ద 7 నిమిషాలు ఉంచితే బాష్పశీల పదార్థం పోతుంది. మిగిలినదానిని తూచి, మూత తీసి, 815 డిగ్రీల వద్ద బరువు స్థిరపడేదాకా కాల్చితే బూడిద మిగులుతుంది. బాష్పాలు పోయిన తరువాతి బరువులో ఆ బూడిద ఎన్నవ వంతో శాతంగా కట్టి, 4.2 చేత గుణిస్తే టన్ను అల్యూమినియంతోపాటు తొట్టిలో పడే బూడిద కిలోలలో వస్తుంది. బూడిద హెచ్చుగా ఉన్న బొగ్గుకు నిజమైన అంకె ఇంకా ఎక్కువే ఉంటుందని సింగరేణి లెక్కలో చూశాము. దీనికి కావలసినవి మూతగల పింగాణీ మూసలు, ఒక మఫుల్ కొలిమి. ప్రయోగశాల సామగ్రికి పద్దు వ్రాసేటప్పుడు కళాశాల కమిటీవారు ఈ రెండింటినీ గుర్తుంచుకోవలెనని మనవి. తూనిక మాత్రం గ్రాములో పదివేలవ వంతు వరకు చూపేదై ఉండాలి. మంచి పెట్రోలియం కోకు ఒక గ్రాము కాలితే మిగిలే బూడిద రెండు మూడు మిల్లీగ్రాములే.